రాజు దేవుని ప్రతినిధియా, దేవుని సేవకుడా?



ఇంగ్లండు దేశపు నాణెమును చేత బట్టి చూచినచో రాజుగారి ముఖబింబము చుట్టును కొన్ని లాటిను అక్షరములు కనబడును. అందు రెండక్షరములకు ‘దేవుని కృపచేత’ అని యర్థము. నేటి రాజగు మూడవ చార్లెసుగారి నాణెములపై సైతము ఈ అక్షరములు కలవు. మన మారిషసు 1992లో గణతంత్ర రాజ్యమైనది. అయినను పెద్దవయసు వచ్చినవారు చిన్ననాట బడిలో రాణిగారి పటము క్రింద బారులు తీరి, ఆమె క్షేమమును గోరు పాటను పాడిన దినములను మరచియుండరు. ఆ పాటలో ఏలువారిని రక్షింపుమని దేవుని ప్రార్థించుట కలదే గాని, వారే దేవునికి మారుగా భూమిపై వెలసినారని లేదు. వినుటకు ఇది స్వల్పభేదమే. కాని ఈ భేదమునకై ఒకప్పుడు స్కాట్లండు, ఇంగ్లండు దేశములలో మతగురువులు చెరసాలల పాలైరి, గ్రంథములు తగులబడినవి, ఒక రాజు శిరస్సు నేల రాలినది. ఆ చరిత్రను మన సభ కుటుంబములవారికి తెలియునట్లు చెప్ప నుద్యమించితిని.

ముందుగా మన యింటి మాట. రాజునందు ఎనిమిదిమంది దేవతల అంశలు కలవని మనుధర్మశాస్త్రము చెప్పును. పసిబిడ్డయైనను రాజును సామాన్య మానవుడని తక్కువ చేయరాదనియు అందే కలదు. అంతమాత్రమున మన పూర్వులు రాజు చేసినదెల్ల ధర్మమనిరా? అనలేదు. అదే శాస్త్రమున, అదే అధ్యాయమున, వినయము లేక చెడిన రాజులలో వేనుని పేరు చెప్పబడినది. భాగవతము చతుర్థ స్కంధములోని ఆ వేనుని కథ విననివారు మనలో అరుదు. యజ్ఞములు మాన్పించి తన్నే పూజింపుడని శాసించిన ఆ రాజునకు ఋషులు మొదట మంచిమాటలతో బుద్ధి చెప్పి చూచిరి. వినకపోగా హుంకారముతోనే చంపిరి. పిదప రాజు లేని దేశము దొంగల పాలగుట చూచి, వాని బాహువులను మథించి పృథుచక్రవర్తిని పొందిరి. రాజు దైవాంశయే, అయినను ధర్మమునకు పైవాడు కాడు. ఈ రెండు మాటలను మన పెద్దలు ఒకే శాస్త్రములో ఇమిడ్చి యుంచిరి. ఆ రెండు దేశములవారు వీనిని రెండు పక్షములుగా చీల్చుకొని నూరేండ్లకు పైగా పోరాడిరి.

రాజపక్షమువారి వాదమిది. అధికారము లన్నియు దేవునివలననే కలిగినవని బైబిలు చెప్పుచున్నది; కావున రాజు నెదిరించువాడు దేవుని నెదిరించినవాడే. సౌలు అను దుష్టరాజు తన ప్రాణమును తీయుటకై వెంటాడినను, చేజిక్కిన ఆ రాజుపై దావీదు కత్తి యెత్తలేదు, ఏలయనగా అతడు దేవుని పేర అభిషేకము పొందినవాడు. రాజు దుర్మార్గుడైనచో ప్రజలు కన్నీరు గార్చవలెను, ప్రార్థింపవలెను. శిక్షించు పని దేవునిది. ఎదుటిపక్షమువారును అదే బైబిలును విప్పి, రాజుల యెదుట నిలిచి గద్దించిన ప్రవక్తల కథలను చూపిరి. మనుష్యులకంటె దేవునికే లోబడవలెనని ఏసు శిష్యులు న్యాయసభలో చెప్పిన మాటను చూపిరి. పుస్తకమొకటే, చదువు కన్నులు వేరు.

ఈ వివాదము తీవ్రమైనది స్కాట్లండులో. అది చిన్న దేశము, చలిదేశము, ఆనాటికి బీదదేశము. 1560లో అచటి పార్లమెంటు పోపుగారి అధికారమును త్రోసిపుచ్చెను. ఆ ఉద్యమమునకు గొంతు వంటివాడు జాన్ నాక్సు. ఇతడు ఫ్రెంచివారికి చిక్కి పందొమ్మిది నెలలు వారి ఓడలో సంకెళ్లతో తెడ్డు వేసినవాడు. 1561లో పదునెనిమిదేండ్ల రాణి మేరీ, భర్తను గోల్పోయి ఫ్రాన్సు నుండి తన దేశమునకు తిరిగివచ్చి నాక్సును పిలిపించెను. ప్రజలు రాజుల నెదిరింపవచ్చునా యని ఆమె యడిగెను. తండ్రికి ఉన్మాదము పుట్టి బిడ్డలను చంపబోయినచో, బిడ్డలు కత్తిని లాగికొని, చేతులు కట్టి, ఉన్మాదము తగ్గువరకు గదిలో నుంచుట తప్పగునా యని నాక్సు బదులు చెప్పెను. రాణి చాలసేపు మాట లేక నిలిచిపోయెనట. ఇది నాక్సు వ్రాసికొనిన వృత్తాంతము. రాణిగారి పక్షమున వ్రాసినది మనకు లేదు గనుక, ఆమె నిరుత్తరయైనదో, లేక విసిగి యూరకుండెనో చదువరులే ఊహించుకొనవలెను.

ఆరేండ్లు తిరుగకముందే మేరీ సింహాసనమును విడువవలసి వచ్చెను. 1567 జూలైలో ఆమె కుమారుడు జేమ్సునకు పట్టము గట్టిరి. అప్పటికి ఆ శిశువునకు పదమూడు నెలలు. పట్టాభిషేక సమయమున ఉపన్యసించినవాడు నాక్సే. మనువు చెప్పిన పసిబిడ్డ రాజు ఇతడే యనిపించును. కాని ఈ పసిరాజునకు దొరికిన గురువు మనువు మాట వినువాడు కాడు. ఆయన జార్జి బుకానను, లాటిను భాషలో ఐరోపా అంతటను పేరుగాంచిన కవి, ముక్కోపి. ఒకనాడు ఆయన రాజు వీపు పగులగొట్టగా, దేవుని అభిషిక్తుని కొట్టవచ్చునా యని రాజును పెంచుచున్న దొరసాని అడ్డు వచ్చెననియు, దానికి గురువుగారు ఈ పత్రికలో అచ్చువేయరాని సమాధానము చెప్పెననియు అనుకొందురు. 1579లో బుకానను ఒక చిన్న గ్రంథమును ప్రకటించి తన శిష్యుడగు రాజునకే అంకితమిచ్చెను. రాజును చేసినది ప్రజలు, రాజు చట్టమునకు లోబడినవాడు, క్రూరుడైనచో ప్రజలు తొలగింపవచ్చును అని దాని సారాంశము. శిష్యునికి అప్పటికి పదమూడేండ్లు. 1584లో స్కాట్లండు పార్లమెంటు ఆ గ్రంథమును నిషేధించెను. గురువు చేతి బెత్తము శిష్యునికి లాటిను చక్కగా నేర్పినది గాని, రాజధర్మమున మాత్రము సరిగా విరుద్ధమైన పాఠమునే అతడు నేర్చుకొనెనని నా యభిప్రాయము.

బుకానను పిదప జేమ్సునకు ఎదురు నిలిచినవాడు ఆండ్రూ మెల్విల్లు. ఇతని పక్షమువారిని ప్రెస్బిటేరియనులందురు. అనగా, రాజు నియమించు బిషప్పులు లేకుండ, గురువులును సంఘపు పెద్దలును సభగా కూడి మతవిషయములను నడుపుకొనవలెననువారు. మన దేవాలయ సభలలో కార్యనిర్వాహకులను ఎన్నుకొను పద్ధతి యెరిగిన మనకు ఇందు వింత తోచదు. కాని రాజునకు ఇది ప్రాణసంకటము. తాను నియమింపని, తాను తొలగింపలేని మనుష్యులు వారము వారము ప్రజలతో మాటాడుచుండుట ఏ రాజు సహించును? 1596లో ఫాక్లండు రాజభవనమున గురువులు కొందరు రాజును చూడబోయిరి. మాట పెరిగెను. మెల్విల్లు రాజుగారి అంగీ చేతిని పట్టుకొని, నీవు దేవునికి బలహీనుడవగు బంటువు మాత్రమే యనెను. స్కాట్లండులో రాజులిద్దరు, రాజ్యములు రెండు. క్రీస్తు రాజ్యమున జేమ్సు రాజు కాడు, ప్రభువు కాడు, శిరస్సు కాడు, అందరివలె ఒక సభ్యుడు అని యెలుగెత్తి చెప్పెను. రాజసన్నిధిని అంగీ పట్టుకొనుటయా! చుట్టును నిలిచినవారి గుండె లెట్లు కొట్టుకొనియుండునో.

జేమ్సు ఆనాడు కోపమును దిగమ్రింగి, కలముతో బదులు తీర్చుకొనెను. 1598లో స్వతంత్ర రాజ్యముల నిజధర్మమును గూర్చి ఒక గ్రంథమును, 1599లో తన పెద్దకుమారునికి రాజనీతి బోధించు మరియొక గ్రంథమును వ్రాసెను. రెండవదానిని మొదట ఏడు ప్రతులు మాత్రమే అచ్చువేయించెను. రాజు దేశమునకు తండ్రి, దేవునికి మాత్రమే లెక్క చెప్పవలసినవాడు అనునదే వానిలోని బోధ. గ్రంథములు వ్రాసి తన పక్షమును సమర్థించుకొనిన రాజులు లోకమున ఎందరో లేరు. ఆ మేరకు ఆయనను మెచ్చుకొనవలెను.

1603లో ఎలిజబెత్తు రాణి సంతులేక మరణించుటచే ఇంగ్లండు సింహాసనమును జేమ్సునకే దక్కెను. మరుసటి యేట హాంప్టను కోర్టు భవనమున మతసభ జరిగినప్పుడు, బిషప్పులు పోయిన నాడు రాజును పోవునని ఆయన తేల్చి చెప్పెను. ఆ సభలోనే బైబిలునకు క్రొత్త అనువాదము చేయవలెనని నిశ్చయమైనది. దానికి గల కారణములలో ఒకటి మిక్కిలి రసవత్తరమైనది. అప్పటికి ఇంటింట చదువబడుచున్నది 1560లో జెనీవా నగరమున అచ్చయిన బైబిలు. దాని అంచులలో వ్యాఖ్యలు కలవు. ఐగుప్తు రాజు ఫరో, హెబ్రీయుల మగశిశువులను పుట్టగానే చంపుడని మంత్రసానులను ఆజ్ఞాపించగా వారు చంపలేదు. కంసుని కథ నెరిగిన మనకు ఇది తెలిసిన కథవలెనే యుండును. రాజాజ్ఞను మీరుట అచట న్యాయమే యని జెనీవా వ్యాఖ్య. ఆ చిన్న వాక్యము జేమ్సు కంట నలుసై పడినది. ఇట్టి వ్యాఖ్యలు రాజద్రోహమునకు దారితీయునని ఆయన ఆక్షేపించెను. 1611లో వెలువడిన క్రొత్త బైబిలులో పదముల అర్థములను, పోలిక వాక్యములను తెలుపు సూచనలు తప్ప అట్టి వ్యాఖ్య యొక్కటియు లేదు. వ్యాఖ్యలు పోయినను మంత్రసానుల కథ పోలేదు కదా!

మెల్విల్లు మాట ఏమైనది? 1606లో రాజు అతనిని లండనుకు పిలిపించెను. రాజమందిరములోని పూజాపీఠమును పరిహసించుచు అతడు లాటినులో నాలుగు పంక్తులు వ్రాసెనను నేరము మోపి, 1607లో లండను కోటలో నిర్బంధించిరి. 1611లో విడిచిరి గాని స్వదేశమునకు పోనీయలేదు. ఫ్రాన్సు సరిహద్దున సెడాను పట్టణములో పాఠములు చెప్పుకొనుచు 1622లో గతించెను. ఓడ నెక్కి మరల పుట్టిన నేలను చూడనివారి సంతతివారము మనము. ఆ ముదుసలి చివరి పదునొకండు సంవత్సరములు ఎట్లు గడిచియుండునో మనకు వేరుగా చెప్పనక్కరలేదు.

1625లో జేమ్సు కుమారుడు చార్లెసు రాజయ్యెను. తండ్రి నోట నుండినది కొడుకునకు నరనరమున నుండెను. తండ్రికి స్కాట్లండువారి ఓర్పు ఎంతవరకు సాగునో తెలియును, కొడుకునకు తెలియదు. 1637 జూలై 23న ఎడింబరోలోని సెయింటు జైల్సు చర్చిలో రాజాజ్ఞచే క్రొత్త ప్రార్థనా గ్రంథమును చదువ మొదలిడగా జనులు గగ్గోలు పెట్టిరి, కూర్చుండు పీటలు విసరిరి. మొదటి పీట విసరినది జెన్నీ గెడ్డెసు అను కూరలమ్మి యని జనశ్రుతి. 1638 ఫిబ్రవరి 28న గ్రేఫ్రయర్సు చర్చిలో దొరలు ఒక నిబంధన పత్రముపై సంతకములు పెట్టిరి. పిమ్మట గురువులు, పట్టణవాసులు, పల్లెవాసులు సంతకములు చేసిరి. పత్రము ప్రతులు ఊరూర తిరిగెను. నిబంధన యన్న మాట మన కుటుంబములకు చేదుమాటయే. కోరంగి రేవున ఓడ నెక్కిన మన ముత్తాతలలో పెక్కురు తాము చదువలేని కాగితముపై గుర్తు పెట్టిరి. స్కాట్లండువారి నిబంధన వేరు రకము. అది దేవునితో చేసికొనిన ఒడంబడిక యని వారి నమ్మకము. అందు రాజును కాపాడుదుమని కూడ వ్రాసికొనిరి, మతమును కాపాడుదుమనియు వ్రాసికొనిరి. ఈ రెండును ఒకదానితో నొకటి డీకొనునాడు ఏమి చేయవలెనో అందు స్పష్టముగా లేదు. కష్టమంతయు అచటనే వచ్చినది.

ఆ యేడు నవంబరులో గ్లాస్గోలో కూడిన మతసభను రాజప్రతినిధి రద్దు చేసి లేచిపోగా, సభవారు కదలక కూర్చుండి బిషప్పుల పదవులనే రద్దు చేసిరి. యుద్ధము వచ్చెను. 1640లో స్కాట్లండు సేన ఇంగ్లండులో జొరబడి న్యూకాసిలును పట్టుకొనెను. పదునొకండేండ్లు పార్లమెంటు లేకయే ఏలిన చార్లెసు సొమ్మునకై పార్లమెంటును పిలువవలసినవాడయ్యెను. అది మొదలు 1642లో అంతర్యుద్ధము, రాజు ఓటమి, చెర, ఇవన్నియు పాఠశాలలలో చెప్పబడుచున్నవే. మన విషయమునకు ముఖ్యమైనది 1644లో శామ్యూల్ రుథర్‌ఫర్డు అను స్కాట్లండు గురువు ప్రకటించిన గ్రంథము. దాని పేరుననే ‘చట్టము’ అను మాట ముందు, ‘రాజు’ అను మాట తరువాత నుండును. అధికారము దేవునిదే, కాని దేవుడు దానిని ప్రజల చేతిమీదుగా రాజునకు ఇచ్చును. షరతు తప్పినచో ఇచ్చినవారు తిరిగి తీసికొందురు అని ఆయన వాదించెను.

1649 జనవరి 20న చార్లెసును న్యాయస్థానమున నిలిపిరి. టోపీ తీయక కూర్చుండి, ఏ యధికారముతో నన్ను విచారింతురని ఆయన మరల మరల అడిగెను. నేరము చేసితి ననలేదు, చేయలేదనియు ననలేదు. ఎదుట న్యాయాధిపతి బ్రాడ్షా, ఎవడైన తుపాకి కాల్చునేమో యని లోపల ఉక్కు బిగించిన టోపీ పెట్టుకొని కూర్చుండెను. నిజము చెప్పవలెనన్న రాజు ప్రశ్నకు వారియొద్ద చక్కని సమాధానము లేకుండెను. అంతకు నెల ముందే సైనికులు తమకు గిట్టని సభ్యులను పార్లమెంటు గుమ్మముననే ఆపివేసిరి. మిగిలినవారు ప్రజల పేర మాటాడిరి. మరణశాసనముపై 59 మంది సంతకములు చేసిరి. జనవరి 30న చలికి వణికినచో భయమని జను లనుకొందురని రాజు రెండు చొక్కాలు తొడిగికొనెను. బధ్యస్థలికి పోవు దారి విందుశాల గుండ నుండెను. ఆ శాల పైకప్పున జేమ్సు రాజు స్వర్గమున కెగయుచున్నట్లు రూబెన్సు అను మహాచిత్రకారునిచే చిత్రింపించినవాడు ఈ చార్లెసే. ఆ చిత్రము క్రిందుగా నడచి వెలుపలికి వచ్చి గొడ్డలి దెబ్బకు తల నొగ్గెను.

ఇచట చదువరులు పొరబడరాదు. రాజు దైవాధికారమును అందరికంటె ముందు ప్రశ్నించిన స్కాట్లండు గురువులు ఈ శిరచ్ఛేదమును ఒప్పుకొనలేదు. లండనులోని ప్రెస్బిటేరియను గురువులును విచారణను ఖండించిరి. వారము తిరుగకముందే, ఫిబ్రవరి 5న, ఎడింబరోలో చార్లెసు కుమారుని రాజుగా చాటిరి. అయితే ఊరక చాటలేదు. నిబంధన పత్రముపై వానిచేత సంతకము పెట్టించి, 1651 జనవరి 1న స్కోనులో కిరీటము పెట్టు వేళ, నీ యధికారమునకు హద్దులు కలవని రాబర్టు డగ్లసు అను గురువుచే ఉపన్యాస మిప్పించిరి. యువరాజు సంతకము పెట్టెను, నమ్మలేదు. 1660లో రెండవ చార్లెసుగా లండనున పట్టమెక్కినంతనే తన రంగు చూపెను. రుథర్‌ఫర్డు గ్రంథమును తలారిచే కాల్పించిరి. ఆయనకు రాజద్రోహమునకై పిలుపు పంపగా, మరణశయ్యపై నున్న ఆయన, ఇంతకంటె పై న్యాయాధిపతి యొద్దనుండి నాకు ముందే పిలుపు వచ్చినదని చెప్పి పంపి, 1661లో కన్నుమూసెనని చెప్పుదురు. 1683లో ఆక్స్‌ఫర్డు విశ్వవిద్యాలయమువారు బుకానను, రుథర్‌ఫర్డు, మిల్టను మున్నగువారి గ్రంథములను ఖండించి విద్యాలయ ప్రాంగణముననే తగులబెట్టిరి. పండితులు పుస్తకములు కాల్చుటకంటె వింత వేరే కావలెనా?

స్కాట్లండున కొండలలో, బయళ్లలో రహస్యముగా ప్రార్థించువారిపై సైనికులను పంపిరి. 1680లో రిచర్డు కామెరను పక్షమువారు సాంకరు పట్టణమున, నిబంధన తప్పిన రాజు మాకు రాజు కాడని బహిరంగముగా ప్రకటించిరి. నెల దాటినంతనే కామెరను పోరున హతుడయ్యెను. 1685లో మార్గరెట్టు అను పేరుగల ఇద్దరు స్త్రీలను, ఒకతె ముసలిది, ఒకతె పదునెనిమిదేండ్ల పడుచు, రాజు పక్షమున ప్రమాణము చేయనందులకు సముద్రపు పోటు వచ్చుచోట కొయ్యలకు కట్టి ముంచిరని విగ్‌టౌనులోని వారి సమాధి శిలలు చెప్పుచున్నవి. ఇది జరుగలేదని వాదించిన చరిత్రకారులును లేకపోలేదు. అయినను ఈ నిబంధనవారిని నేను పూర్తిగా పొగడజాలను. అధికారము తమ చేతనున్నప్పుడు వారు ఇతర మతస్థులకు స్వేచ్ఛ నిచ్చినవారు కారు.

ఇక కడపటి ఘట్టము. 1685లో రాజైన రెండవ జేమ్సు కాథలిక్కు మతస్థుడు. కాథలిక్కులపైనను, రాజమతమున చేరని ఇతరులపైనను ఉన్న శిక్షాచట్టములను తన మాట మాత్రముచేత నిలిపివేయుచు ఆయన ప్రకటన చేసి, 1688 మే నెలలో చర్చి లన్నింట చదువుడని ఆజ్ఞాపించెను. ప్రకటనలోని కోరిక మంచిదే; మతస్వేచ్ఛను ఎవరు కాదనగలరు? కాని పార్లమెంటు చేసిన చట్టమును రాజు ఒక్కడే త్రోసివేయవచ్చునా? కాంటర్‌బరీ ఆర్చిబిషప్పు విలియం సాంక్రాఫ్టును మరి యార్గురు బిషప్పులును చదువజాలమని విన్నపము వ్రాసిరి. వీరెవరు? రాజు నెదిరింపరాదని జీవితమెల్ల బోధించినవారు! రాజు నిర్ఘాంతపోయెను. జూన్ 8న వారిని లండను కోటకు పంపగా, పడవ పోవు దారి పొడుగున జనులు మోకరించి ఆశీర్వచనములు వేడిరి. జూన్ 30న వారు నిర్దోషులని తీర్పు వచ్చెను. రాజు సైనికులే జయధ్వానములు చేసిరి. ఆ రాత్రియే ఏడుగురు ప్రముఖులు హాలండునందున్న విలియమునకు రమ్మని లేఖ పంపిరి. నవంబరు 5న విలియము దిగెను, జేమ్సు పారిపోయెను. 1689లో ఇంగ్లండు పార్లమెంటు హక్కుల చట్టమున, పార్లమెంటు సమ్మతి లేక చట్టములను నిలిపివేయుట చెల్లదని వ్రాసెను. స్కాట్లండువారు ఇంకను తెగించి, జేమ్సు తన హక్కును తానే పోగొట్టుకొనెనని స్పష్టముగా తీర్మానించిరి. నూరేండ్లకు ముందు బుకానను చెప్పిన మాటకు ఇది చాల దగ్గరిది.

క్రొత్త రాజునకు భక్తిప్రమాణము చేయుమని సాంక్రాఫ్టును అడిగిరి. జేమ్సునకు చేసిన ప్రమాణము ఇంకను నా మెడపై నున్నదని ఆయన నిరాకరించెను. కోటలో తనతో నున్న ఆర్గురిలో నలుగురును అట్లే నిరాకరించిరి. సుమారు నాలుగువందల మంది గురువులు వారి వెంట పదవులను వదలుకొనిరి. జేమ్సు ఆజ్ఞను త్రోసిపుచ్చి అతని పతనమునకు దారితీసినవాడే అతని పేర చేసిన ప్రమాణమును విడువలేదు. ఆర్చిబిషప్పు భవనమును ఖాళీ చేసి, తాను పుట్టిన ఫ్రెస్సింగ్‌ఫీల్డు గ్రామమునకు తిరిగిపోయి, 1693లో అచటనే మరణించెను.